పన్ను పద్దు.. పౌరసత్వానికి సాక్షి

అమెరికాలో పన్నుల శాఖ వేరు, వలసల శాఖ వేరు. కానీ ఏటా ఏప్రిల్‌లో పెట్టిన సంతకాలన్నీ ఏదో ఒక రోజు పౌరసత్వ అధికారి బల్ల మీదికి చేరతాయి. అప్పుడు బాకీ కంటే ముందు బయటపడేది మాట తేడా!

అమెరికా పౌరసత్వానికి సిద్ధమవుతున్న తెలుగు ఇళ్లలో ప్రశ్నల జాబితా ఫ్రిజ్ తలుపు మీద కనిపిస్తుంది, కారులో ఆడియోగా వినిపిస్తుంది. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు ఆ జాబితాలో 128 ప్రశ్నలున్నాయి. అధికారి ఇరవై దాకా అడుగుతారు, పన్నెండు సరిగ్గా చెప్పాలి. వాటిలో ఒకటి: ఫెడరల్ పన్నులు కట్టడం ఎందుకు ముఖ్యం? ‘చట్టం కట్టమంటోంది కాబట్టి’ అంటే చాలు, మార్కు పడుతుంది.

అసలు చిక్కు అదే గదిలో దరఖాస్తు ఫారం దగ్గర వస్తుంది. ప్రమాణం చేయించిన అధికారి ఎన్-400 ఫారాన్ని పేజీ పేజీ తిప్పుతూ అడుగుతారు. ఫెడరల్, రాష్ట్ర, స్థానిక పన్నులు గడువు దాటి ఏమైనా బాకీ ఉన్నారా? గ్రీన్ కార్డ్ వచ్చాక ఎప్పుడైనా రిటర్న్‌లో ‘నాన్ రెసిడెంట్’ అని చెప్పుకున్నారా? నాన్ రెసిడెంట్‌నే కదా అనుకుని రిటర్న్ వేయడం మానేశారా? వీటికి బట్టీ పట్టిన జవాబు పనికిరాదు. సరైన జవాబు పన్నుల శాఖ ఐఆర్ఎస్ రికార్డుల్లో ఎప్పుడో నమోదై ఉంటుంది.

పౌరసత్వం కోరేవాళ్లు మామూలుగా ఐదేళ్లు, అమెరికా పౌరుల్ని పెళ్లాడినవాళ్లు మూడేళ్లు ‘సత్ప్రవర్తన’తో ఉన్నట్టు చూపించాలి. అంతకు ముందరి సంగతులూ చూసే అధికారం అధికారికి ఉంది. 2025 ఆగస్టులో వలసల శాఖ యూఎస్‌సీఐఎస్ ఈ సత్ప్రవర్తన పరిశీలనను కట్టుదిట్టం చేస్తూ ఆదేశాలిచ్చింది. నేరాలు లేకపోతే సరిపోదని, మంచి లక్షణాలూ కనిపించాలని అంది. ఆ మంచి లక్షణాల జాబితాలో పన్నులు సక్రమంగా కట్టడం కూడా ఉంది.

మనవాళ్లకు దీని బరువు ఎక్కువ. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న పరిమితి వల్ల భారతీయుల వరుస ఏళ్లకేళ్లు సాగుతోంది. చదువుకు వెళ్లిన కుర్రాడు పౌరసత్వ ప్రమాణం చేసేసరికి పిల్లలు కాలేజీకి వస్తున్నారు. అప్పటికి అతని పేరు మీద పదిహేను, ఇరవై రిటర్నులు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో వీసా మీద, ఒక్కో ఊళ్లో, ఒక్కొక్కరు చేసిపెట్టినవి. కింద సంతకం మాత్రం ఒక్కడిదే.

చదువుకునే రోజుల్లోనే మొదలు

పన్ను చట్టం దృష్టిలో ‘రెసిడెంట్’ వేరు, వలస చట్టం దృష్టిలో వేరు. హెచ్-1బీ మీద ఉన్న ఉద్యోగి వలస చట్టానికి తాత్కాలిక అతిథి. కానీ రోజుల లెక్క కుదిరితే పన్ను చట్టానికి అతను రెసిడెంటే. ఈ ఏడాది ఉన్న రోజులన్నీ, నిరుటి రోజుల్లో మూడో వంతు, ముందటేటి రోజుల్లో ఆరో వంతు కలిపి కనీసం 183 కావాలి, ఈ ఏడాది కనీసం 31 రోజులైనా అక్కడ ఉండాలి. అప్పటి నుంచి అమెరికా జీతంతో పాటు గుంటూరులో ఇంటద్దె, విజయవాడ బ్యాంకులో వడ్డీ కూడా అమెరికా రిటర్న్‌లో చూపించాల్సిందే.

ఎఫ్-1 విద్యార్థికి లెక్క వేరు. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అతని రోజులు ఆ లెక్కలోకి రావు. 2023 ఆగస్టులో దిగిన అమ్మాయికి ఆ నాలుగైదు నెలలూ ఒక ఏడాది కిందే జమ, కాబట్టి 2027 దాకా ఆమె నాన్ రెసిడెంటే. ఆదాయం ఉంటే 1040-ఎన్ఆర్ వేయాలి, లేకపోయినా 8843 ఫారం పంపాలి. జనం వాడే పన్ను సాఫ్ట్‌వేర్లు చాలావరకు మామూలు 1040 మాత్రమే చేస్తాయి. ‘రూమ్మేట్ వేశాడు, రీఫండ్ బాగా వచ్చింది’ అని అదే నొక్కేసేవాళ్లున్నారు. అలా నొక్కితే తనకు వర్తించని విద్యా రాయితీలు కూడా వచ్చిపడతాయి. అప్పుడు వచ్చిన డబ్బు తియ్యగానే ఉంటుంది. ఆ తప్పును 1040-ఎక్స్ ఫారంతో సవరించుకునే దారి ఉన్నా ఎవరూ అటు చూడరు.

సక్రమంగా వేస్తే నష్టపోతామన్న భయం కూడా నిజం కాదు. 1989లో భారత్, అమెరికాల మధ్య కుదిరిన పన్ను ఒప్పందం మన విద్యార్థులకు నాన్ రెసిడెంట్ రిటర్న్‌లోనూ స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తుంది. చాలా దేశాల విద్యార్థులకు ఆ వెసులుబాటు లేదు. చదువుకు అనుబంధంగా ఇచ్చే పని అనుమతి ఓపీటీ మీద పనిచేసే నాన్ రెసిడెంట్ విద్యార్థి జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం కోయకూడదు. కోసి ఉంటే కంపెనీని అడిగి, అక్కడ కుదరకపోతే ఐఆర్ఎస్‌కు రాసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

గ్యాస్ స్టేషన్‌లోనో, రెస్టారెంట్ వంటింట్లోనో నగదుకు చేసే పనిది ఇంకో కథ. వీసా ఒప్పుకోని పని చేస్తే వలస చట్టం దృష్టిలో తప్పు. ఆ సంపాదన మీద పన్ను ఎగ్గొడితే అది రెండో తప్పు. పన్ను కట్టినంత మాత్రాన మొదటి తప్పు మాసిపోదు, కట్టకపోతే మాత్రం రెండూ మెడకు చుట్టుకుంటాయి. గ్రీన్ కార్డ్ కోసం వేసే ఐ-485 ఫారం అనుమతి లేకుండా ఎప్పుడైనా పనిచేశారా అని నేరుగా అడుగుతుంది. అప్పుడు ‘లేదు’ అని రాస్తే అది మూడోది.

డబ్ల్యూ-2 చెప్పే కథ

హెచ్-1బీ ఉద్యోగికి ఏటా జనవరి చివర్లో చేతికొచ్చే డబ్ల్యూ-2 ఒక చిన్న కాగితం. దాని మొదటి గడిలో ఆ ఏడాది పన్ను పడే జీతం ఉంటుంది. అదే కంపెనీ వీసా కోసం కార్మిక శాఖకు ఇచ్చిన ఎల్‌సీఏలో ఇంత జీతం ఇస్తామని మరో అంకె రాసి ఉంటుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడటం అధికారికి రెండు నిమిషాల పని.

ఎల్‌సీఏలో 95,000 డాలర్లు, డబ్ల్యూ-2లో 52,000 అనుకుందాం. మిగతా డబ్బు ఏమైంది? ప్రాజెక్టు దొరకలేదని కన్సల్టెన్సీ నాలుగైదు నెలలు ‘బెంచ్’ మీద కూర్చోబెట్టి జీతం ఆపేసి ఉంటుంది. చట్టం ప్రకారం పని లేకపోయినా కంపెనీ జీతం ఇవ్వాల్సిందే. తప్పు కంపెనీదే అయినా వీసా మార్పిడిలోనో, గ్రీన్ కార్డ్ దశలోనో ‘ఆ నెలల్లో మీ స్టేటస్ ఏమిటి’ అన్న ప్రశ్న ఉద్యోగి ముందుకే వస్తుంది. అందుకే కొందరు తమ డబ్బే కంపెనీకి ఇచ్చి పేరోల్ నడిపించుకుంటారు. పే స్టబ్‌లు వస్తాయి, డబ్ల్యూ-2 నిండుగా ఉంటుంది. కానీ బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగినప్పుడు డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లిందో బయటపడుతుంది. జీతం ఆగిన కష్టానికి విన్నపం చేసుకునే వీలుంటుంది. దొంగ పేరోల్ అయితే మోసం కిందికి వస్తుంది.

1099 కాగితం దీనికి అన్నదమ్ముడు. వారాంతాల్లో కారు నడిపి సంపాదించినా, స్నేహితుడి కంపెనీకి కోడ్ రాసి పెట్టినా అది వస్తుంది. హెచ్-1బీ మీద వీసా పెట్టిన కంపెనీకి తప్ప వేరొకరికి పనిచేయకూడదు కాబట్టి, ఆ కాగితం రిటర్న్‌లోకి ఎక్కగానే అనుమతి లేని పనికి సాక్ష్యమవుతుంది. షేర్ల డివిడెండ్లు, బ్యాంకు వడ్డీతో ఆ పేచీ లేదు. ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డ్‌కు వెళ్లేవాళ్లకు చట్టంలో కొంత ఊరట ఉంది. చివరిసారి అమెరికాలో చట్టబద్ధంగా అడుగుపెట్టాక ఇలాంటి ఉల్లంఘనలన్నీ కలిపి 180 రోజులు మించకపోతే దరఖాస్తు నిలబడుతుంది. ఆ లెక్క వేసుకోవాల్సింది లాయర్ దగ్గర కూర్చుని. దాచిపెట్టి గట్టెక్కే సంగతి కాదది.

నాన్న డిపాజిట్‌లో మన పేరు

గ్రీన్ కార్డ్ వచ్చాక మనవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇండియా ఖాతాల దగ్గర. ఇక్కడ నాన్న వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ‘రేపు ఇబ్బంది ఉండకూడదు’ అని కొడుకు పేరు రెండోదిగా పెడతారు. అందులో కొడుకు పైసా వేయలేదు, వడ్డీ ముట్టలేదు. అయినా ఆ ఖాతా మీద అతనికి హక్కు ఉంది కాబట్టి అమెరికా లెక్కలో అది అతని విదేశీ ఖాతాయే. విదేశాల్లోని ఖాతాలన్నింటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పదివేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వేయాలి. మన డబ్బులో అది పది లక్షలు కూడా కాదు. తమ ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు నాన్న డిపాజిట్ తోడైతే చాలామందికి ఆ గీత ఎప్పుడో దాటిపోయింది.

సొంత పేరున ఉన్న పొలం, ఇల్లు, లాకర్‌లో బంగారం ఎఫ్‌బార్‌లోకి రావు. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో ఉంది. పీపీఎఫ్‌దీ అదే దారి. మన మ్యూచువల్ ఫండ్లయితే ‘పీఎఫ్ఐసీ’ అనే కఠినమైన పద్దు కిందికి వెళ్తాయి. వాటికి 8621 అని వేరే ఫారం ఉంది. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ 1116 ఫారంతో మినహాయింపు తెచ్చుకోవచ్చు.

ఎఫ్‌బార్ గురించి ఎన్-400 అడగదు. కానీ ఏటా వేసే రిటర్న్ అడుగుతుంది. షెడ్యూల్ బి అనే పేజీ అడుగున ‘విదేశాల్లో మీకు ఖాతా ఉందా’ అన్న ప్రశ్న, దాని పక్కన అవును, లేదు అని రెండు గడులు ఉంటాయి. ఖాతా ఉండి ‘లేదు’ దగ్గర టిక్కు పెడితే, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకునే సంతకం కిందే ఆ టిక్కు ఉన్నట్టు. ఇక ‘వాళ్లకెలా తెలుస్తుంది’ అనే కాలం పోయింది. 2010 నాటి ఫాట్కా చట్టం కింద 2015 జులైలో భారత్ ఒప్పందం చేసుకుంది. అప్పటి నుంచి అమెరికా పన్ను పరిధిలో ఉన్నవాళ్ల ఖాతాల వివరాలు మన బ్యాంకుల నుంచే వెళ్తున్నాయి.

తెలియక మానేసినవాళ్లకు ఐఆర్ఎస్ ‘స్ట్రీమ్‌లైన్డ్’ అనే దారి తెరిచింది. మూడేళ్ల రిటర్నులు సవరించి, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు వేసి, కావాలని చేయలేదని రాసిస్తే అమెరికాలో ఉన్నవాళ్లకు ఐదు శాతం జరిమానాతో తేలిపోతుంది. ఐఆర్ఎస్ విచారణ మొదలుపెట్టాక ఆ తలుపు మూసుకుపోతుంది. కావాలని చేయని తప్పు విషయంలో కోర్టు కూడా కొంత కనికరించింది. రొమేనియాలో పుట్టి, అమెరికా పౌరుడై, తిరిగి స్వదేశం వెళ్లి వ్యాపారం చేసిన బిట్నర్ అనే వ్యక్తి ఎఫ్‌బార్‌లు వేయలేదని ప్రభుత్వం ఖాతాకు ఇంత చొప్పున 27.2 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఖాతాల లెక్కన కాదు, ఏడాదికి ఒకటి చొప్పున వేయాలని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 5-4తో తీర్పు చెప్పడంతో అది 50,000 డాలర్లకు దిగింది.

తిరిగొచ్చినా వదలని లెక్క

అమ్మానాన్నల కోసమో, ఇక్కడి ఉద్యోగం కోసమో గ్రీన్ కార్డ్ ఉంచుకుని హైదరాబాద్‌కు వచ్చేసేవాళ్లున్నారు. ఐ-407 ఫారం ఇచ్చి కార్డు వదులుకునేదాకా వాళ్లు అమెరికాకు ఏటా రిటర్న్ వేయాలి, ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపించాలి. పన్ను ఒప్పందం ప్రకారం ‘నేను ఇండియా నివాసిని’ అని చెప్పుకుంటే పన్ను తగ్గుతుందని ఇక్కడి ఆడిటర్ చెబితే, అది పన్ను వరకు నిజమే. కానీ అలా నాన్ రెసిడెంట్‌గా రిటర్న్ వేస్తే శాశ్వత నివాసాన్ని వదులుకున్నట్టేనని పౌరసత్వ నిబంధనలు ముందస్తుగా భావిస్తాయి. కాదని నిరూపించుకునే భారం దరఖాస్తుదారు మీదే. కొన్ని వేల డాలర్ల పన్ను మిగిల్చుకోబోయి ఐదేళ్ల నివాసాన్ని పోగొట్టుకునే మలుపు ఇదే.

కార్డు వదిలేయడమూ తేలిక కాదు. గత పదిహేనేళ్లలో ఎనిమిది పన్ను సంవత్సరాలు గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు వదులుకునేటప్పుడు 8854 ఫారంలో ఆస్తుల చిట్టా ఇవ్వాలి. నికర ఆస్తి ఇరవై లక్షల డాలర్లకు చేరితే, ఆస్తులన్నీ ఆ ముందురోజే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను అడగొచ్చు. కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన 2023 ఆగస్టు తర్వాత, ఒకప్పుడు చవగ్గా కొన్న స్థలం కూడా ఆ గీత దగ్గరికి తీసుకెళ్లొచ్చు.

తక్కువ చూపితే ఒక చిక్కు, ఎక్కువ చూపితే ఒక చిక్కు

పౌరులయ్యాక తల్లిదండ్రులకు గ్రీన్ కార్డ్ పెట్టేవాళ్లు ఐ-864 అనే హామీపత్రం ఇస్తారు. కుటుంబ పరిమాణాన్ని బట్టి పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం ఉందని చూపాలి. రుజువుగా అడిగేది తాజా పన్ను రిటర్నే. వ్యాపారంలో నగదు పక్కన పెట్టి ఆదాయం తక్కువ చూపినవాళ్లకు అమ్మానాన్నల్ని పిలిపించుకోబోయినప్పుడు అదే రిటర్న్ అడ్డుపడుతుంది.

ఇదే రకం చిక్కు బ్రిటన్‌లో వందల కుటుంబాలను కోర్టులకెక్కించింది. టియర్-1 జనరల్ వీసాలో సంపాదనను బట్టి పాయింట్లు వచ్చేవి. శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసినప్పుడు హోం శాఖ పాత కాగితాలు తీసి, తమకు చెప్పిన ఆదాయాన్ని పన్నుల శాఖకు చెప్పిన ఆదాయంతో పోల్చింది. తేడా వచ్చినవాళ్లను 322(5) నిబంధన కింద తిరస్కరించింది. జాతీయ భద్రతకు ముప్పున్నవాళ్లను, నేర చరిత్ర ఉన్నవాళ్లను ఆపేందుకు అప్పట్లో వాడిన నిబంధన అది. 2019 ఏప్రిల్‌లో ‘బాలాజీగారి’ కేసులో అప్పీలు కోర్టు హోం శాఖ పద్ధతిని తప్పుబట్టింది. అంకెల్లో తేడా ఉన్నంత మాత్రాన మోసమని తేలదని, ముందు ఆరోపణ చెప్పి వివరణకు అవకాశం ఇవ్వాలని అంది. అయితే తేడా ఎందుకొచ్చిందో నమ్మేలా చెప్పాల్సిన బాధ్యత మాత్రం దరఖాస్తుదారు మీదే ఉంది.

అమెరికా సుప్రీంకోర్టు 2012లో ఇంకా కఠినంగా మాట్లాడింది. కవాషిమా దంపతులు జపాన్ పౌరులు. 1984 నుంచి గ్రీన్ కార్డ్ ఉంది, కాలిఫోర్నియాలో రెస్టారెంట్లు నడిపారు. 1991 నాటి కంపెనీ రిటర్న్‌లో తప్పుడు వివరాలిచ్చామని, తోడ్పడ్డామని 1997లో నేరం ఒప్పుకున్నారు. ప్రభుత్వానికి నష్టం 2,45,126 డాలర్లు. నష్టం పదివేల డాలర్లు దాటిన ఇలాంటి మోసం వలస చట్టంలో ‘తీవ్ర నేరం’ కిందికే వస్తుందని 6-3తో తీర్పు చెప్పి, దేశం నుంచి పంపించేయడానికి కోర్టు ఒప్పుకుంది. తీవ్ర నేరం రుజువైతే పౌరసత్వానికి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

బాకీ ఉంటే భయం లేదు

ఇంత చెప్పాక, పన్ను కట్టలేక బాకీ పడ్డవాళ్లు హడలిపోనక్కర్లేదు. ఐఆర్ఎస్ జరిమానాల్లోనే దాని మనసు తెలుస్తుంది. 8,000 డాలర్ల పన్ను బాకీ ఉండి రిటర్న్ అసలు వేయకపోతే నెలకు ఐదు శాతం, అంటే 400 డాలర్లు పడుతుంది. అది ఇరవై ఐదు శాతం దాకా పెరుగుతుంది. అదే రిటర్న్ గడువులోగా వేసి డబ్బు మాత్రం కట్టలేకపోతే నెలకు అర శాతం, నలభై డాలర్లే. వడ్డీ రెండింటికీ ఉంటుంది. డబ్బు లేనివాడి కంటే నోరు విప్పనివాడి మీద దానికి పదింతలు కోపం.

వలసల శాఖదీ దాదాపు అదే ధోరణి. బాకీ ఉన్నవాళ్లు ఐఆర్ఎస్‌తో వాయిదాల ఒప్పందం చేసుకుని, ఆ పత్రం, ఇప్పటిదాకా కట్టిన రసీదులు ఇంటర్వ్యూకి తేవాలని ఎన్-400 సూచనలే చెబుతున్నాయి. బాకీ ఉండి, ప్రమాణం చేసి ‘లేదు’ అంటే మాత్రం చిక్కు పన్నును దాటిపోతుంది. పౌరసత్వం కోసం ప్రమాణం మీద అబద్ధం చెబితే, ఆ సంగతి ఎంత చిన్నదైనా, సత్ప్రవర్తన లేనట్టే లెక్క.

దరఖాస్తుకు ముందు చూసుకోండి

• ఐదేళ్ల ట్యాక్స్ ట్రాన్స్‌క్రిప్ట్‌లు ఐఆర్ఎస్ నుంచి ఉచితంగా తెప్పించుకోండి. మీ దగ్గరున్న కాపీలతో సరిపోయాయో లేదో చూడండి.

• రాష్ట్రం మారినవాళ్లు పాత రాష్ట్రంలో బాకీ లేదని నిర్ధారించుకోండి. ఎన్-400 ఫెడరల్ పన్నుతో ఆగదు.

• ఫైలింగ్ స్టేటస్ సరిచూసుకోండి. పెళ్లయి కలిసి ఉంటూ ‘సింగిల్’ అని వేస్తే, పెళ్లి ఆధారంగా వచ్చిన గ్రీన్ కార్డ్ మీదే అనుమానం రావచ్చు.

• ఇండియాలో ఉన్న తల్లిదండ్రులు అమెరికా పౌరులో, పన్ను చట్టం ప్రకారం అక్కడి రెసిడెంట్లో అయితే తప్ప వాళ్లను డిపెండెంట్లుగా చూపకూడదు. నెలనెలా డబ్బు పంపినా సరే.

• రిటర్న్ చేసిపెట్టినవాళ్లు సంతకం చేసి, తమ పీటీఐఎన్ నంబరు వేశారా? సంతకం పెట్టకుండా రీఫండ్‌లో వాటా అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

• తప్పు కనిపిస్తే దరఖాస్తుకు ముందే సవరించండి. ఇంటర్వ్యూ తేదీ వచ్చాక హడావుడిగా చేసిన సవరణ మీద అధికారి చూపు వేరుగా ఉంటుంది.

పౌరసత్వం చేతికొచ్చినా ఈ బంధం తెగదు. అమెరికా తన పౌరులు ఎక్కడున్నా పన్ను అడుగుతుంది. 2015లో వచ్చిన చట్టం ప్రకారం యాభై వేల డాలర్లకు పైగా పాత బాకీ పేరుకుని, వాయిదాలకూ ఒప్పుకోనివాళ్ల పాస్‌పోర్టు ఆపేయొచ్చు. ధరలతో పాటు ఏటా ఆ మొత్తాన్ని పెంచుతున్నారు.

మనవాళ్ల కుటుంబాల్లో ఎక్కువగా జరిగేదేమిటంటే, పన్నుకు ఒకరి దగ్గరికి, వీసాకు మరొకరి దగ్గరికి వెళ్తారు. సీపీఏ రీఫండ్ ఎంత వస్తుందో చూస్తారు. లాయర్ ఫైలు ఎప్పుడు కదులుతుందో చూస్తారు. ఒకరు రాసింది ఇంకొకరు చదవరు. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చదివే మొదటి మనిషి చాలాసార్లు యూఎస్‌సీఐఎస్ అధికారే అవుతున్నారు. ఎన్-400 మీద సంతకం పెట్టడానికి కొన్ని నెలల ముందు ఒక్క పూట ఆ ఇద్దరినీ ఒకే ఫోన్ కాల్‌లోకి తీసుకురావాలి. దానికయ్యే ఫీజు, తేడా దొరికాక దాన్ని సమర్థించుకోవడానికయ్యే ఖర్చు ముందు ఏ మూలకూ రాదు.